చాలన్నా వినని ఒళ్ళు

(న్యూజెర్సీలో మా ఊరి తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)



ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను, కెమిస్టునీ కాను. ఇంజనీరింగు చదివి, ఇరవయ్యేళ్ళుగా కోడు రాసుకుంటూ పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. ఆ పోసుకోవడం కాస్త ఎక్కువై, పొట్ట నాకంటే అరడుగు ముందు నడవడం మొదలెట్టాక ఈ సంగతులన్నీ చదవక తప్పలేదు. మా నాన్నగారు చక్కెర జబ్బుతో మూత్రపిండాలు పాడై, మూడేళ్ళు డయాలిసిస్ చేయించుకుని పోయారు. నాకు నలభై దాటగానే డాక్టరు "నువ్వూ ఆ దారి మొదట్లోనే ఉన్నావు" అంది. అందుకని ఈ విషయం నాకు కాలక్షేపం కాదు. మీలో చాలామందికి కూడా కాదని ఈ హాల్లోకి చూస్తేనే తెలుస్తోంది. ఎవరూ ఏమీ అనుకోకండి, నన్ను కలుపుకునే అంటున్నాను.

మన పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వడ్డించే అబ్బాయి బూరెల పళ్ళెంతో వస్తాడు. "చాలు బాబూ" అంటాం. ఇంకొకటి పడుతుంది. "చాలు, చాలు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. అప్పటికి పక్క విస్తరికి వెళతాడు. ఇప్పుడు ఆ అబ్బాయికి చెవుడూ వచ్చింది, చూపూ ఆనడం లేదనుకోండి. మనం ఎంత గొంతు చించుకున్నా బూరెలు పడుతూనే ఉంటాయి. బయటినుంచి చూసినవాడు "ఈయన ఎంత తిండిపోతో" అనుకుంటాడు. లావుగా ఉన్నవాళ్ళ గురించి లోకం అనుకునేది ఇదే. అయితే గడిచిన ముప్ఫై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు కనిపెట్టింది వేరు. లోపల "చాలు" అన్న కేక వినపడుతూనే ఉంది. దాన్ని వినవలసిన చెవి మొద్దుబారింది.

ఆ కేక పేరు లెప్టిన్. దాని కథ ఈ అమెరికాలోనే, మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న బార్ హార్బర్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీలో ఎలుకలు పెంచుతారు. 1949లో అక్కడ ఒక ఎలుక మామూలు ఎలుకలకి మూడింతల బరువుకి పెరిగింది. ఎప్పుడు చూసినా తింటూనే ఉండేది. దాని సంతతికి 'ఓబీ' ఎలుకలని పేరు పెట్టారు. తరవాత అక్కడే 'డీబీ' అని ఇంకో జాతి లావు ఎలుకలు బయటపడ్డాయి. వీటికి చక్కెర జబ్బు కూడా ఉంది.

డగ్లస్ కోల్మన్ అనే ఆయన ఒక చిత్రమైన ప్రయోగం చేశాడు. రెండేసి ఎలుకల్ని పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి పారేట్టు చేశాడు. ఓబీ ఎలుకని మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గించింది. డీబీని మామూలు ఎలుకతో కలిపితే పాపం ఆ మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. డీబీ మాత్రం ఎప్పటిలాగే ఉంది. దీనర్థం ఏమిటి? ఓబీ ఎలుకకి "చాలు" అనే కేక లేదు, చెవి బాగానే ఉంది. డీబీ ఎలుక గట్టిగా కేకలు వేస్తోంది, దానికి చెవి లేదు. డీఎన్‌ఏ చదివే యంత్రాలు లేని రోజుల్లో, కేవలం తర్కంతో ఇంత దూరం వచ్చాడాయన. మా వృత్తిలో దీన్ని డీబగ్గింగ్ అంటాం. నేను చదివిన డీబగ్గింగు కథలన్నిటిలోకీ ఇది గొప్పది.

ఆ కేక ఏమిటో పట్టుకోవడానికి ఇంకో పాతికేళ్ళకు దగ్గరపడింది. మనకి హడ్సన్ నది అవతలే, మన్‌హాటన్‌లో ఉన్న రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం ఎనిమిదేళ్ళు వెతికి 1994 డిసెంబరులో ఆ జన్యువుని ప్రకటించింది. మన కొవ్వు కణాలే ఈ హార్మోన్ని తయారుచేసి, "ఇక్కడ నిలవ సరిపడా ఉంది, ఇక వంట ఆపండి" అని మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కి కబురు పంపుతాయి. సన్నం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. ఆమ్‌జెన్ కంపెనీ దాని హక్కులకి 20 మిలియన్ డాలర్లు ముందే చెల్లించింది. లోకమంతా ఇక లావు సమస్య తీరిపోయిందనుకుంది.

తీరలేదు. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు కొందరు ఉన్నారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి డాక్టర్లు అలాంటి ఇద్దరు పిల్లల గురించి 1997లో ప్రకటించారు. ఆ జబ్బుకి లెప్టిన్ ఇంజెక్షను మంత్రంలా పనిచేసింది. కాని మనలాంటి మామూలు లావు మనుషుల రక్తం పరీక్షిస్తే లెప్టిన్ తక్కువ లేదు సరికదా, బోలెడంత ఉంది. కొవ్వు ఎక్కువైన కొద్దీ కేక కూడా పెరుగుతుంది కదా! అప్పటికే చెవుడున్నవాడి పక్కన ఇంకో మైకు పెడితే ఏం లాభం? 1999లో వచ్చిన ఫలితాలు అందరినీ నిరాశపరిచాయి. దీన్నే లెప్టిన్ రెసిస్టెన్స్ అన్నారు. అంటే మనమంతా ఓబీ ఎలుకలం కాదు, డీబీ ఎలుకకి దూరపు చుట్టాలం. కోల్మన్, ఫ్రీడ్మన్‌లకి కలిపి 2010లో లాస్కర్ బహుమతి ఇచ్చారు. మందు మాత్రం రాలేదు.

దాంతో ప్రశ్న మారింది. కేక పెంచడం కాదు, చెవుడు తగ్గించడం ఎలా? అదీ మాత్ర రూపంలో ఎలా?

ఇక్కడ చిన్న అణువు అన్న మాట గురించి చెప్పాలి. మందుల అణువుల్ని వాటి బరువుతో కొలుస్తారు. ఆస్పిరిన్ బరువు 180. మనవాళ్ళ ఇళ్ళలో ఉప్పు డబ్బా పక్కనే ఉండే మెట్‌ఫార్మిన్ 129. ఇన్సులిన్ 5800 పైచిలుకు. లెప్టిన్ 16,000. ఇన్సులిన్, లెప్టిన్ ప్రొటీన్లు. వాటిని మింగితే కడుపు వాటినీ పెసరట్టునీ ఒకే రకంగా చూస్తుంది, ముక్కలు చేసి అరిగించేస్తుంది. అందుకే సూది. చిన్న అణువులైతే అరిగిపోకుండా పేగు దాటి రక్తంలోకి, అక్కణ్ణుంచి కణం లోపలికీ వెళ్ళగలవు. ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన చెయ్యొచ్చు, ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు లేని ఊరికీ పంపొచ్చు. అవతలి వైపు ఒక చిక్కుంది. చిన్న తాళంచెవి చాలా తాళాల్లో దూరుతుంది. మనం తెరవాలనుకోని తలుపులు కూడా తెరుచుకుంటాయి.

ఈ చిక్కు ఎంత ఖరీదైనదో మన హైదరాబాదుకి బాగా తెలుసు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ఇతరులు కనిపెట్టిన మందుల్ని చవగ్గా చేసి అమ్మితే చాలదు, మనమే కొత్త అణువు కనిపెట్టాలని ఆయన 1990ల మొదట్లో పరిశోధన సంస్థ పెట్టారు. ఎంచుకున్న లక్ష్యం సరిగ్గా ఈ చెవుడే. లెప్టిన్‌ది కాదు, దాని అన్నగారు ఇన్సులిన్‌ది.

కండరాలకీ కొవ్వుకీ ఇన్సులిన్ మాట వినపడకపోవడమే రెండో రకం చక్కెర జబ్బు మూలం. కణంలో పీపీఏఆర్ గామా అనే ఒక స్విచ్ ఉంది. దాన్ని నొక్కితే వినికిడి మెరుగవుతుంది. గ్లిటజోన్లనే మందులు చేసే పని అదే. హైదరాబాదు వాళ్ళు చేసిన బాలాగ్లిటజోన్ అనే అణువుని 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ లైసెన్సు తీసుకుంది. సొంతంగా కనిపెట్టిన అణువుని ఒక భారతీయ కంపెనీ విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదటిసారి. మరుసటి ఏడు రాగాగ్లిటజార్ అని ఇంకోటి ఇచ్చారు. ఇది రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుతుంది. చక్కెరా, రక్తంలో కొవ్వూ రెండూ తగ్గాలని ఆశ. పేరులోనే రాగం ఉంది, తాళం మాత్రం కుదరలేదు. వేలమంది మీద పరీక్షలు జరుగుతుండగా, 2002 జులైలో, ఎలుకలకి మూత్రాశయంలో కణితులు కనిపించాయని నోవో నార్డిస్క్ ఆపేసింది. బాలాగ్లిటజోన్‌ని కూడా 2004లో వదులుకుంది. తరవాత ఇంకో డెన్మార్క్ సంస్థతో కలిసి దాన్ని మూడో దశ పరీక్షల దాకా తీసుకెళ్ళారు, 2010లో ఫలితాలూ వచ్చాయి. అయినా అది బజారు మెట్లు ఎక్కలేదు.

ఇందులో ఇంకో తెలుగు పాయ కూడా ఉంది. ఉస్మానియాలో వైద్యం చదివి, చికాగోలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన డాక్టర్ జనార్దన్ రెడ్డిగారు, రక్తంలో కొవ్వు తగ్గించే కొన్ని రసాయనాలు ఎలుకల కాలేయంలో కేన్సరు పుట్టిస్తాయని 1980లోనే నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆ రసాయనాలు నొక్కే స్విచ్, రాగాగ్లిటజార్ నొక్కే రెండు స్విచ్‌లలో ఒకటి. అంటే ఒక తెలుగువాడు ఒక తలుపు వెనక ఏముందో చూపించాడు, ఇరవై ఏళ్ళ తరవాత ఇంకో తెలుగువాడు ధైర్యం చేసి ఆ తలుపే తెరవబోయాడు. తప్పు ఎవరిదీ కాదు. ఆ దారిలో వెళ్ళిన పెద్ద పెద్ద కంపెనీలు కూడా చేతులు కాల్చుకున్నాయి. అంజిరెడ్డిగారు 2013 మార్చిలో పోయారు. రెండేళ్ళకి వచ్చిన ఆయన ఆత్మకథకి పెట్టిన పేరు 'అన్‌ఫినిష్డ్ అజెండా', ముగియని పని. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఈ అణువులే గుర్తొస్తాయి.

ఇంకో తమాషా చెప్పాలి. గ్లిటజోన్లు ఇన్సులిన్ వినికిడిని బాగుచేస్తాయి కాని, మనిషి బరువుని పెంచుతాయి! ఒక చెవి తెరుచుకుంటే ఇంకో చోట పొట్ట పెరుగుతుంది. ఒళ్ళు అనేది మనం రాసే ప్రోగ్రాములాగా ఒక లైను మార్చితే ఒక ఫలితం వచ్చేది కాదు.

ఇప్పుడు లెప్టిన్ దగ్గరికి తిరిగి వద్దాం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఉముత్ ఓజ్‌జాన్ అనే టర్కీ శాస్త్రజ్ఞుడు చెవుడుకి ఒక కారణం చెప్పాడు. ప్రతి కణంలోనూ ప్రొటీన్లని మడతపెట్టి సర్దే చోటు ఒకటి ఉంటుంది. దాని మీద పని ఒత్తిడి ఎక్కువైతే, పెళ్ళివారి వంటశాలలో ఆఖరి పంక్తి వేళకి ఎవరి మాటా ఎవరికీ వినపడనట్టు, లెప్టిన్ కబురు కూడా వినపడదు. ఈ ఒత్తిడి తగ్గించే రసాయనాలు ఎలుకలకి ఇస్తే లెప్టిన్ మళ్ళీ పనిచేస్తోందని ఆయన బృందం 2009లో చూపించింది. కాని అవి చాలా ఎక్కువ మోతాదులో కావాలి.

ఆ తరవాత వాళ్ళు చేసిన పని చదివి నేను కుర్చీలోంచి లేచి కూర్చున్నాను, ఎందుకంటే అది మా పని. ఆ రసాయనాలు ఇచ్చినప్పుడు కణంలో ఏ జన్యువులు పెరిగాయి, ఏవి తగ్గాయి అని ఒక పట్టీ తీశారు. బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ దగ్గర కనెక్టివిటీ మ్యాప్ అని ఒక డేటాబేసు ఉంది. వెయ్యికి పైగా చిన్న అణువుల్లో ఏది కణాన్ని ఎలా మారుస్తుందో అందులో రాసి ఉంది. తమ పట్టీని దానితో పోల్చి, "ఇలాగే ప్రవర్తించే అణువు ఇంకేదైనా ఉందా?" అని అడిగారు. అంటే ఒక సెర్చ్! దొరికింది సెలాస్ట్రాల్. చైనావాళ్ళు కీళ్ళనొప్పులకి వాడే పిడుగుదేవుడి తీగ వేళ్ళలో ఉంటుందది. బాగా లావెక్కిన ఎలుకలకి ఇస్తే మొదటి వారంలోనే తిండి సుమారు 80 శాతం పడిపోయింది, మూడు వారాలకి బరువు దాదాపు 45 శాతం తగ్గింది. ఓబీ, డీబీ ఎలుకలకి ఇస్తే బరువు అలా దిగలేదు. అంటే లెప్టిన్, దాని చెవి రెండూ ఉన్నచోటే ఈ మందుకి పని. 2015లో సెల్ పత్రికలో వచ్చింది. అసలు సంగతి లెప్టినా, ఇంకేదైనా ఉందా అని తరవాత వేరే ప్రయోగశాలలవాళ్ళు వాదించారు, అది వేరే విషయం. ఆ తీగ విషం కూడా. దాన్ని ఊరికే నూరుకుని తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

అదే పద్ధతిలో 2016లో రెండో అణువు ప్రకటించారు. పేరు వితాఫెరిన్ ఎ. బరువు 470. ఎక్కడ దొరుకుతుందో తెలుసా? మన అశ్వగంధలో! మన ఊళ్ళలో పెన్నేరుగడ్డ అంటారు చూడండి, అదే.

ఇక ఇక్కణ్ణుంచి నా సొంత గోల మొదలవుతుంది. నాలుగేళ్ళ క్రితం ఒకరోజు పొద్దున్నే తెనాలి నుంచి అమ్మ ఫోను.

"ఏరా, చూశావా? అమెరికావాళ్ళు మన అశ్వగంధతో ఒళ్ళు తగ్గించేశారంట. నీకు పంపించానుగా, చదవలేదా?"

"ఎలుకలకి తగ్గించారమ్మా."

"ఎలుకకి పనిచేసింది మనిషికి పనిచెయ్యదేంట్రా? మీ నాన్న ఉన్నప్పుడే ఈ ముక్క తెలిస్తే ఎంత బాగుండేది. పిన్ని కొడుకు వస్తున్నాడు, అరకిలో పొడి పంపిస్తున్నాను. మాట్లాడకుండా పాలల్లో కలుపుకుని తాగు."

మా నాన్నగారి పేరు చెప్పాక నేనేం మాట్లాడతాను? పైగా నేను ఆ పేపరు చదివినవాణ్ణి. చదివినవాడికి వచ్చే తెగులు ఒకటుంది, సగం తెలివి. పొడిలో వితాఫెరిన్ ఎంతుంటుందో ఏమో అని, ఇక్కడ దొరికే గాఢమైన ఎక్స్‌ట్రాక్టు కాప్స్యూల్స్ కూడా కొన్నాను. సీసా మీద రాసినదానికి రెట్టింపు వేసుకున్నాను. రెండు నెలల్లో రెండు కిలోలు తగ్గాను. ఆ తగ్గింది అశ్వగంధ వల్లో, అమ్మకి మాటిచ్చి రాత్రిపూట అన్నం మానెయ్యడం వల్లో తెలియదు. మూడో నెల్లో ఒళ్ళంతా దురదలు, నీరసం. ఏడాది పరీక్షలకి వెళ్ళినప్పుడు మా డాక్టరు రిపోర్టు చూసి మొహం చిట్లించింది. కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ ఉండవలసినదానికి మూడు రెట్లు దాటింది.

"కొత్తగా మందులేమైనా వాడుతున్నావా?" అని అడిగింది.

"ఏమీ లేదు" అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదండీ. నిజంగానే ఏమీ వాడటం లేదనుకున్నాను. మనకి అశ్వగంధ మందు కాదు. అమ్మ పంపింది మందెలా అవుతుంది? త్రిఫల మందు కాదు, కాకరకాయ రసం మందు కాదు, మెంతులపొడి మందు కాదు. పాపం ఆవిడ హెపటైటిస్ పరీక్షలు చేయించింది, స్కానింగు తీయించింది. ఇంటికొచ్చాక మా ఆవిడ వంటింటి అల్మారా తెరిచి, ఆ సీసా తీసి నా ముందు పెట్టి, "ఇదేమిటి మరి?" అంది. మర్నాడు ఫోను చేసి చెప్పాను. ఆపెయ్యమంది. ఆపిన రెండు నెలలకి పరీక్ష మామూలుకి వచ్చింది.

తరవాత వెతికితే, ఐస్లాండు, అమెరికా వైద్యులు అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్న ఐదుగురి వివరాలు 2020లోనే ప్రచురించారు. వాళ్ళందరూ కోలుకున్నారు. డెన్మార్కు 2023లో అశ్వగంధని ఏకంగా నిషేధించింది. మన పెద్దలు వేల ఏళ్ళుగా వాడారు కదా అని మీరు అడగొచ్చు. వాడారు. వాళ్ళు వేరు వాడారు, కొద్దిగా వాడారు, వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడారు. వితాఫెరిన్ వేరులోకంటే ఆకులో ఎక్కువ. ఇప్పటి సీసాల్లో ఆకు ఎంత, వేరు ఎంత అన్నది కొన్నవాడికి తెలియదు. బోస్టన్ ఎలుకలకి ఇచ్చింది పాలల్లో పొడి కాదు, శుద్ధిచేసిన ఒకే ఒక్క అణువు, కొలిచి, సూదితో. అమ్మ పొడికీ దానికీ ఉన్న సంబంధం, ఇనప రాయికీ కారుకీ ఉన్నంత. రాయిలో ఇనుము ఉందన్నది నిజమే, దాని మీద ఎక్కి ఎడిసన్ వెళ్ళలేం.

అమ్మకి ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు. చెప్పాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "నా చేత్తో పంపించానురా" అంది చివరికి. ఆ మాటతో నాకు పరిశోధన ఎందుకు అంత నెమ్మదిగా జరుగుతుందో అర్థమైంది. ప్రేమ ఉన్నంత మాత్రాన మోతాదు తెలియదు.

లావు తగ్గించే మందుల చరిత్రంతా ఈ తొందరే. 1933 నుంచి ఈ దేశంలో డీఎన్‌పీ అనే రసాయనం వాడారు, కళ్ళు పోయి, ఒళ్ళు కాలిపోయి మనుషులు చచ్చిపోయారు, 1938లో ఆపారు. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాల్ని పాడుచేసిందని 1997లో తీసేశారు. రిమోనబంట్ వాడినవాళ్ళలో మనోవ్యాధులు వచ్చాయని 2008లో యూరప్‌లో ఆపారు. సిబుట్రమిన్‌ని 2010లో, లోర్కసెరిన్‌ని 2020లో వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ చిన్న అణువులే. చిన్న తాళంచెవులు, అనుకోని తలుపులు.

మరి ఇప్పుడు అందరి నోళ్ళలో నానుతున్న ఇంజెక్షన్ల సంగతేమిటంటారా? సెమగ్లుటైడ్‌ని బరువు కోసం 2021లో, టిర్జెపటైడ్‌ని 2023లో ఇక్కడ అనుమతించారు. అవి జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోను దారిలో పనిచేస్తాయి. బాగా పనిచేస్తాయి, కాదనను. మా స్నేహితుల్లోనే నలుగురి చొక్కాలు రెండు సైజులు దిగాయి. అయితే సెమగ్లుటైడ్ ఆపినవాళ్ళని ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో తేలింది. అంటే వడ్డించేవాడి చెయ్యి ఇంకొకరు పట్టుకున్నారు, అంతేగాని వాడి చెవుడు పోలేదు. చెయ్యి వదలగానే బూరెలు మళ్ళీ మొదలు.

ఆ హార్మోను దారిలోనే మింగే చిన్న అణువు కోసం పెద్ద పందెం నడుస్తోంది. జపాను కంపెనీ చుగాయ్ కనిపెట్టి, 2018లో లిల్లీకి ఇచ్చిన ఆర్ఫోర్‌గ్లిప్రాన్ అనే మాత్ర, 72 వారాల్లో సగటున 11, 12 శాతం బరువు తగ్గించిందని 2025లో ఫలితాలు వచ్చాయి. దాని అణువు బరువు 883. మింగే మందు 500 దాటకూడదని కెమిస్టులకి పాత సూత్రం ఒకటుంది, దాన్ని ఇది దాటేసింది. అదే దారిలో ఫైజర్ నడిపిన డానుగ్లిప్రాన్‌ని మాత్రం, పరీక్షల్లో పాల్గొన్న ఒక్క మనిషి కాలేయం దెబ్బతిన్నందుకు, 2025 ఏప్రిల్లో ఆపేశారు. ఒక్క మనిషి! నా ఎస్‌జీపీటీ రిపోర్టు గుర్తొచ్చి ఆ వార్త రెండుసార్లు చదివాను. సీసా మీద బొమ్మ చూసి నేను మింగినదానికి అలా లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

చెవుడు సంగతి కూడా మూలపడలేదు. 2025లో ఫ్రీడ్మన్ బృందమే, ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన రాపమైసిన్ అనే పాత మందు లావు ఎలుకల్లో లెప్టిన్ వినికిడిని తిరిగి తెచ్చిందని చూపించింది. ఏ కణాల్లో చెవుడు మొదలవుతుందో కూడా చెప్పింది. రాపమైసిన్ రోగనిరోధక శక్తిని అణుస్తుంది కాబట్టి బరువు కోసం దాన్ని మింగడానికి వీల్లేదు. అయినా ఏ తలుపు తట్టాలో తెలిసింది. లెప్టిన్ చెవుడు తగ్గించే మాత్ర ఇప్పటికి ఏ మందుల షాపులోనూ లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇదంతా మనకి మిగతావాళ్ళకంటే ఎక్కువ అవసరం. పుణేలో యాజ్ఞిక్ అని ఒక డాక్టరు, లండన్‌లో యుడ్కిన్ అని ఇంకో డాక్టరు, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫోటో తీయించుకుని 2004లో లాన్సెట్‌లో వేశారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడటానికి సన్నం, లోపల లావు. అందుకే ఆసియావాళ్ళకి బీఎంఐ 23 దాటితేనే చక్కెర పరీక్ష చెయ్యాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో చెప్పింది. "నేను లావు లేను కదా" అని ధీమాగా కూర్చున్నవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

ముగించే ముందు ఒక పెద్దాయన్ని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని మింగింది, ఆయన్నీ చావు అంచు దాకా తీసుకెళ్ళింది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠం చెబుతూ, మన మందుల్లో పనిచేసేది ఏమిటో తెలుసుకోవాలని తపించి, బోస్టన్ వచ్చారు. తరవాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లం తయారుచేశాయి, బోదకాలుకి మాత్ర తెచ్చాయి, కేన్సరుకి మొదటి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్‌ని ఇచ్చాయి. అన్నీ చిన్న అణువులే. ఆ ప్రయోగశాల ఉన్న పెర్ల్ రివర్ మన న్యూజెర్సీ గట్టు దాటగానే ఉంది. 1948లో ఆయన కన్నుమూశారు. మనం ఆ దారిన వారం వారం ఆపిల్స్ కోసుకోవడానికో, మాల్‌కో వెళుతుంటాం. అమ్మ పొడికీ అణువుకీ మధ్య ఉన్న దూరాన్ని మొదట నడిచిన తెలుగువాడు ఆయన.

నా మనవి మూడే ముక్కలు. డాక్టరు "ఏం వాడుతున్నావు?" అని అడిగితే వంటింటి అల్మారా కూడా కలుపుకుని చెప్పండి. కొత్త మందుల పరీక్షల్లో మనవాళ్ళు తక్కువగా చేరతారు, తరవాత "ఈ మందు మన ఒంటికి పడుతుందా?" అని మనమే అడుగుతాం. అర్హత ఉంటే, మీ డాక్టరుతో మాట్లాడి, చేరే ఆలోచన చెయ్యండి. నేను ఒకదానికి పేరిచ్చాను. మూడోది వెనక వరసలో పిల్లలకి. అందరూ మాలాగా కోడే రాయక్కర్లేదురా. రాసినా ఆ కోడుతో అణువుల్ని వెతకొచ్చు. మీ తాతగారి కాలంలో అంజిరెడ్డిగారు మొదలెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

పక్క గదిలో భోజనాలు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. బూరెలు కూడా ఉన్నాయట. వడ్డించే కుర్రాళ్ళకి వినికిడి బాగానే ఉందని కార్యదర్శిగారు హామీ ఇచ్చారు.